మత్తు దిగేదాకా: మా షెల్టర్ రికవరీ గది డైరీ

నవంబర్ 17, 2025, సోమవారం

ఈ రోజు వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు పదకొండు. ఆఖరి కుక్కకి కుట్లు పూర్తయ్యేసరికి ఒంటిగంట. అది తల ఎత్తి కూర్చునేసరికి నాలుగున్నర. అంతసేపూ దాని పక్కన సిమెంటు నేల మీద నేనూ కూర్చున్నా. ప్యాంటూ స్వెట్టరూ వేసుకున్న నాకే ఆ నేల జివ్వుమంటోంది. కడుపు మీద బొచ్చంతా గీయించుకుని, ఒళ్లు తెలీకుండా పడి ఉన్న దాని సంగతి చెప్పేదేముంది.

మా షెల్టర్ హైదరాబాద్ శివార్లలో. చలి మొదలైంది. ఎండాకాలంలో ఇదే మందు, ఇదే లెక్కన ఇస్తే గంటా గంటన్నరకల్లా తూలుతూ లేచి, నీళ్ల గిన్నె తన్నేసి, మమ్మల్ని చూసి గుర్రుమనేవి. ఇప్పుడు రెండు గంటలైనా చెవి కూడా కదలదు. లేవని కుక్క దగ్గర కూర్చోవడమంత టెన్షన్ పని ఇంకోటి లేదు. సర్జరీలో ఏం జరిగినా డాక్టర్ పక్కనే ఉంటారు. ఇక్కడ నేనూ, కెన్నెళ్లు కడిగే పెద్దమ్మా, అంతే.

డాక్టర్ మేడమ్‌కి చెప్పా, చలి వల్లే ఆలస్యమవుతోందేమో అని. "అనుకోవడం కాదమ్మా, రాసి చూపించు" అన్నారు. అందుకే ఈ నోట్‌బుక్.

నా పని గురించి కూడా ఒక ముక్క రాసి పెడతా. ఊళ్లో మా అమ్మ నన్ను కుక్కల దవాఖానలో కాంపౌండర్ అని చెప్పుకుంటుంది. కాగితం మీద వెటర్నరీ సర్జరీ టెక్నీషియన్. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసి వచ్చా. చదివిందంతా గేదెలూ గొర్రెలూ, చేసేదంతా కుక్కలు. కోసేది, మత్తు డోసు నిర్ణయించేది మేడమ్. బరువు తూచడం, నరంలోకి సన్నటి గొట్టం (కాన్యులా) పెట్టడం, బొచ్చు గీయడం, కడగడం, పరికరాలు క్రిములు చచ్చేలా ఆటోక్లేవ్‌లో పెట్టి తీయడం, టేబుల్ దగ్గర నాలుక రంగు, ఊపిరి, గుండె చూస్తూ ఉండటం, గాజుగుడ్డ ముక్కలు లెక్కపెట్టడం, తర్వాత లేచేదాకా కాపలా కాయడం నావి. మత్తుమందు కెటమిన్ రిజిస్టర్ కూడా నా చేతి రాతే. అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి ఆంక్షలున్న జాబితాలోది, తాళం బీరువాలో ఉంటుంది. ప్రతి అర ఎం.ఎల్.కీ లెక్క చెప్పాలి.

నవంబర్ 19

థర్మామీటర్‌కి వ్యాజ్‌లైన్ రాసి, ఒక్కో కుక్కకి ఐదుసార్లు చూడాలని పెట్టుకున్నా. ఇంజెక్షన్‌కి ముందు, టేబుల్ ఎక్కించినప్పుడు, కుట్లు అయ్యాక, అరగంటకి, గంటకి. పెద్దమ్మ చూసి, "ఎన్నిసార్లు పెడ్తవ్ బిడ్డా, లేస్తే కరుస్తది" అంది. కరిచేంత తెలివి వస్తే నాకూ సంతోషమే.

ఈ రోజు మొదటి ఆడకుక్క, గోధుమరంగుది, 14 కిలోలు. దాని అంకెలివి, ఫారెన్‌హీట్‌లో: 101.8, 100.4, 97.6, 96.2, 96.0. కుక్కకి మామూలుగా 101, 102 దగ్గర ఉండాలి.

మొదటి మూడూ ఊహించినవే. చివరి రెండూ చూసే ఆశ్చర్యపోయా. ఇన్నాళ్లూ కుట్లు పడి, పైన కప్పిన గుడ్డ (డ్రేప్) తీసేసి, కడుపు మూతపడ్డాక ఇంక వేడెక్కుతుందిలే అనుకునేదాన్ని. కానీ టేబుల్ దిగాక కూడా పడిపోతూనే ఉంది. అంటే ఓటీలో (ఆపరేషన్ గదిలో) పోయింది కొంతే. నా గదిలో, నా చేతుల్లో ఉండగా పోతోంది మిగతాది.

మధ్యాహ్నం టీ దగ్గర మేడమ్ వివరంగా చెప్పారు. మత్తులో మెదడు వణుకు పుట్టించడం మానేస్తుంది. చలేస్తే ముడుచుకుని పడుకునే వీలు ఎటూ లేదు. లోపలి వేడి చర్మం వైపు వచ్చి బయటికి పోతుంది. దానికి తోడు తడి కడుపు, చల్లటి సెలైన్, చల్లటి నేల. ఒళ్లు చల్లబడితే కాలేయం మందుని నెమ్మదిగా కరిగిస్తుంది, మందు కరగకపోతే మెలకువ రాదు, మెలకువ రాకపోతే వణుకు రాదు, వణక్కపోతే వేడి పుట్టదు. కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టు తిరుగుతూ ఉంటుంది.

నవంబర్ 22

ముందు నేల సంగతి చూద్దామనుకున్నా. ఆ నేల కూడా మాకు సగమే మిగిలింది. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని అక్కడ్నుంచి తీసేయాలని, ఆపరేషన్ చేసి టీకా వేసినా తిరిగి అక్కడే వదలొద్దని సుప్రీంకోర్టు ఈ నెల 7న చెప్పింది. 2023 ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్, అంటే వీధికుక్కల సంతాన నియంత్రణ) రూల్స్ ప్రకారం అయితే పట్టిన చోటే వదిలేస్తాం. ఇప్పుడు కొన్నింటిని వదలడానికి లేదు, ఉంచడానికి చోటు లేదు. అలాంటివి నాలుగు వచ్చి మా రికవరీ గదిలో సగానికి జాలీ కట్టించుకుని కూర్చున్నాయి. ఆపరేషన్ అయినవాటిని కనీసం నాలుగు రోజులు మా దగ్గరే చూసుకోవాలి కాబట్టి వెనక కెన్నెళ్లు ఎటూ నిండే ఉంటాయి.

ఫ్రిజ్ షాపు వాళ్లు పారేసిన థర్మాకోల్ షీట్లు వ్యాన్ అన్న తెచ్చిచ్చాడు. పైన గోనె పట్టా పరిచాం. మొదటి మూడు కుక్కలకి గంట తర్వాతి అంకె ఒక డిగ్రీ మెరుగు. సంబరపడ్డా.

నాలుగోది నల్లటి మగకుక్క. సగం మెలకువలో పట్టా లాగేసి థర్మాకోల్‌ని పుచ్చకాయ కొరికినట్టు కొరికింది. నోట్లో వేలు పెట్టి తెల్లటి ముక్కలు ఏరేసరికి నాకు చెమటలు పట్టాయి. మత్తులో ఉన్నదానికి మింగడం సరిగా రాదు, గొంతుకి అడ్డంపడితే అంతే. షీట్లన్నీ సాయంత్రమే బయటపడేశాం. గది నిండా తెల్లటి పూసలు. పెద్దమ్మ వాటిని ఊడుస్తూ నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ అనిపించింది.

నవంబర్ 25

డెయిరీ ఫారాల్లో ఆవుల కింద వేసే రబ్బరు మ్యాట్లు! డిప్లొమాలో ఉండగా వాటి మీదే నిలబడి పాలు పితికా, ఇన్నాళ్లూ గుర్తే రాలేదు. మందంగా ఉంటాయి, పళ్లకి లొంగవు, బ్లీచింగ్ నీళ్లతో కడిగి నిలబెడితే ఆరిపోతాయి. మాకు తెలిసిన ఫారం ఆయన పాతవి మూడు ఊరికే ఇచ్చాడు. ఎన్నిసార్లు కడిగినా పేడ వాసన వస్తూనే ఉంది. కుక్కలకి మాత్రం ఆ వాసన తెగ నచ్చినట్టుంది, లేవగానే మూతి అక్కడే పెడుతున్నాయి.

నవంబర్ 28

ఈ రోజు మేడమ్‌తో చిన్న వాదన. సంగతి స్పిరిట్ గురించి.

మా పద్ధతి ఇదీ: క్లిప్పర్‌తో బొచ్చు గీయడం, క్లోర్‌హెక్సిడిన్ సబ్బుతో మధ్య నుంచి బయటికి గుండ్రంగా మూడుసార్లు రుద్దడం, ప్రతిసారీ స్పిరిట్ దూదితో తుడవడం. నేనైతే స్పిరిట్ ధారాళంగా పోసేదాన్ని, శుభ్రం విషయంలో పిసినారితనం ఎందుకని. అది కారి పక్కల బొచ్చులోకి, వీపు కిందకి పోతుంది. స్పిరిట్ ఆరేటప్పుడు ఒంట్లో వేడిని లాక్కుంటుందని చేతి మీద పోసుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. కుక్క వీపు తడిసి స్టీలు టేబుల్‌కి అతుక్కుని ఉంటుందని మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు.

గీసే వెడల్పు తగ్గిద్దామా అని అడిగా. మేడమ్ ఒప్పుకోలేదు. "కోత పెద్దది చేయాల్సి వస్తే అప్పుడు బొచ్చులో కోయమంటావా? చలికి కుక్క ఆలస్యంగా లేస్తుంది, ఇన్ఫెక్షన్ వస్తే అసలు లేవదు." నిజమే. వెడల్పు తగ్గించలేదు. చివరికి తేలింది ఇది: రుద్దే నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, స్పిరిట్ దూదిని పిండి చివర్లో ఒక్కసారే, కిందికి కారిందంతా పాత తువాలుతో ఒత్తి తుడిచాకే డ్రేప్. టేబుల్ మీద కూడా దుప్పటి మడత. సెలైన్ బాటిళ్లు గోరువెచ్చటి నీళ్ల బకెట్లో.

పైసా ఖర్చు లేని పని. ఇప్పటిదాకా చేసినవాటిలో అంకెలు ఎక్కువ మారింది దీంతోనే. కుట్లు అయ్యేసరికి 97 ఉండేవి ఇప్పుడు 99 దగ్గర ఉంటున్నాయి.

డిసెంబర్ 3

ఇది రాయాలని లేదు. కానీ రాసి చూపించు అన్నది మంచివాటికి ఒక్కటే కాదు కదా.

నిన్న బక్క ఆడకుక్క ఒకటి, 9 కిలోలు, 96.8కి పడిపోయింది. నీళ్ల బాటిళ్లలో గీజర్ వేడినీళ్లు నింపి, ఒకటి తొడల మధ్య, ఒకటి చంక కింద పెట్టా. గుడ్డ చుట్టా, ఒకే మడత. ఇంకో కుక్క వాంతి చేసుకుంటే దాని తల వంచి పట్టుకోవడానికి పరిగెత్తా. తిరిగి వచ్చేసరికి గుడ్డ జారి ఉంది. అప్పుడు ఏమీ కనపడలేదు. ఈ పొద్దున చూస్తే తొడ లోపల అరచేయంత ఎర్రటి మచ్చ, మధ్యలో తోలు లేస్తోంది.

మెలకువలో ఉన్న కుక్కయితే కాలగానే పక్కకి జరుగుతుంది. మత్తులో ఉన్నది ఎలా జరుగుతుంది? రక్తం సరిగా తిరగని చర్మం మామూలు కంటే తొందరగా కాలుతుందని కూడా మేడమ్ చెప్పారు. తిట్టలేదు. సిల్వర్ సల్ఫాడయజిన్ ఆయింట్‌మెంట్ చేతికిచ్చి, రోజుకి రెండుసార్లు నువ్వే రాయాలి అన్నారు. నాలుగు రోజుల్లో వెళ్లాల్సింది ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉంటుంది, నా వల్ల.

గోడ మీద మార్కర్‌తో రాశా: బాటిల్‌ని మన ముంజేతి లోపల పెట్టి పది లెక్కపెట్టాలి, మంట అనిపిస్తే పెట్టొద్దు. గుడ్డ రెండు మడతలు, ముడి వేయాలి. చల్లారిన బాటిల్‌ని వెంటనే తీసేయాలి, లేకపోతే అదే వేడిని వెనక్కి లాగుతుంది. ఈ చివరిది నాకు అసలు తెలీదు. ఇన్నాళ్లూ చల్లారినవాటిని సాయంత్రం దాకా పక్కనే ఉంచేదాన్ని.

డిసెంబర్ 8

సాక్సులు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

పాదాలకి బొచ్చు తక్కువ, వేడి అక్కడ్నుంచి బాగా పోతుంది. వ్యాన్ అన్న పిల్లల పాత స్కూలు సాక్సులు, మా హాస్టల్ అమ్మాయిల దగ్గర వసూలు చేసినవి కలిపి ఒక సంచి. కాన్యులా ఉన్న కాలికి పెట్టకూడదు, రక్తం గొట్టంలోకి వెనక్కి వస్తే కనపడదు. మిగతా మూడింటికి తొడిగి, పైన బబుల్ ర్యాప్ ఒక చుట్టు, మెలకువ రాగానే అది పీకేయడం. థర్మాకోల్ పాఠం మర్చిపోలేదు.

తెల్లటి స్కూలు సాక్సులు తొడుక్కుని వరసగా పడుకున్న ఐదు కుక్కల్ని చూసి పెద్దమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. "గీళ్లకు బూట్లు గూడ తెచ్చినవా?" నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నేను అడక్కుండానే మధ్యలో ఉన్నదాని సాక్సు జారితే పైకి లాగింది. ఆ రోజు నుంచి జారిన సాక్సుల డ్యూటీ ఆమెదే.

డిసెంబర్ 12

ఒక కుక్క పోయింది.

చెరువు పక్క బస్తీ నుంచి వచ్చిన ఎర్ర ఆడకుక్క. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు గుత్తులు గుత్తులు. ఏరేశాం, దాని ఒంటికి పిడుదుల మందు కొట్టాం. తిండి తింటోంది, జ్వరం లేదు, సరేనని టేబుల్ ఎక్కించాం. ఆపరేషన్ మామూలుగానే అయింది. గాజుగుడ్డలు ఇరవై ఇచ్చా, ఇరవై తిరిగొచ్చాయి.

అరగంటకి 99.1. గంటకి 99.4. ఈ నెలలోనే మంచి అంకె. నోట్‌బుక్‌లో "బాగుంది" అని రాసి కింద గీత కూడా గీశా. చిగుళ్లు తెల్లగా కనిపించాయి. కానీ జైలజీన్ అనే మత్తుమందు ఇచ్చినవాటికి రక్తనాళాలు బిగుసుకుని చిగుళ్లు పాలిపోవడం మామూలే, రోజూ చూసేదే. అందుకని పట్టించుకోలేదు. ఇంకో పదిహేను నిమిషాలకి పెద్దమ్మ పిలిచింది. "బిడ్డా, దీని కడుపు ఉబ్బినట్టు లేదా?" తొడ లోపల నాడి పట్టుకుంటే దారంలా, లెక్కపెట్టలేనంత వేగంగా ఉంది.

మేడమ్ మళ్లీ కుట్లు విప్పారు. ముడి ఏదీ జారలేదు. ఒకచోట నుంచి కాదు, అన్నిచోట్ల నుంచీ చెమ్మ ఊరినట్టు రక్తం. పిడుదుల జ్వరంలో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, బయటికి కుక్క హుషారుగానే తిరుగుతుంది. మూడూ నలభైకి పోయింది. సాక్సులు నేనే తీశా.

డిసెంబర్ 15

రెండు రోజులు నోట్‌బుక్ ముట్టుకోలేదు. ఈ రోజు తెరిచి, స్కేలు పెట్టి పేజీలన్నీ మళ్లీ గీశా. టెంపరేచర్ గడి పక్కన నాడి, ఊపిరి, చిగుళ్లు, చిగుళ్లు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి పట్టే సమయం, కడుపు. ఎరుపు రావడానికి రెండు సెకన్లు దాటితే మేడమ్‌కి ఫోన్, అంకె ఎంత బాగున్నా సరే. "బాగుంది" అనే మాట రాయడం మానేశా.

పిడుదులు బాగా ఉన్నవాటికి ముందు రక్తపరీక్ష. తేడా ఉంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు, తర్వాతే టేబుల్. దీనికి డబ్బు, కెన్నెల్ రోజులు రెండూ కావాలి. మేనేజర్ మొహం చిట్లించాడు, మేడమ్ సంతకం పెట్టేశారు.

ఒకటి మాత్రం పెద్దమ్మకి చెప్పా, నాకంటే నువ్వే బాగా చూశావని. "నాకు నీ లెక్క చదువు రాదు గద, కుక్కనే సూస్త" అంది. ఎత్తిపొడుపు కాదు. కానీ గుచ్చుకుంది.

డిసెంబర్ 20

పిల్లల సమస్య. పిల్లల్ని పెద్దవాటిలా రాత్రి నుంచీ పస్తు పెడితే చక్కెర పడిపోతుంది, కాబట్టి పొద్దున్నే ముందు వాటికి చేసేవాళ్లం. కానీ పొద్దున ఎనిమిదికి ఓటీ ఐస్ పెట్టెలా ఉంటోంది. ఇప్పుడు ఆరింటికి రెండు ముద్దలు పాలన్నం పెట్టి, ఎండొచ్చాక పదింటికి టేబుల్ ఎక్కిస్తున్నాం. మెలకువ వస్తూనే చిగుళ్లకి గ్లూకోజ్ పొడి తడిపి రాస్తే నాలుకతో చప్పరిస్తాయి. ఎండలో పడుకోబెడదామని వ్యాన్ అన్న అన్నాడు గానీ వద్దన్నా. బయట ఈగలున్నాయి, కుట్ల మీద ఒక్కసారి వాలితే పురుగులు ఏరే పని వారం రోజులు.

సాయంత్రం అవయవాల లెక్క. తీసిన గర్భసంచులు, వృషణాలు ఫార్మలిన్ బకెట్లలో దాచి, తనిఖీకి వచ్చినవాళ్ల ముందు లెక్క అప్పజెప్పాలి. రిజిస్టర్‌లో ఏడు ఆడవి, బకెట్లో ఆరు. గుండె జారిపోయింది. తర్వాత గుర్తొచ్చింది, మొన్న ఒకదానికి కడుపు తెరిస్తే లోపల గర్భసంచి లేదు. ఎవరో ఎప్పుడో ఆపరేషన్ చేసి, ఆపరేషన్ అయిందనే గుర్తుగా చెవికి గాటు పెట్టకుండా వదిలేశారు. ఒక్క గాటు పెట్టి ఉంటే దానికి రెండో కోత తప్పేది. మేడమ్ ఆ రోజు చెవికి గాటు తనే పెట్టారు, కొంచెం కోపంగా.

జనవరి 5, 2026

కాలిన మచ్చ ఉన్న బక్క కుక్క ఈ రోజు వెళ్లిపోయింది. రెండు వారాలన్నది నెల దాటింది. మచ్చ ఉన్నచోట బొచ్చు ఇంకా రాలేదు, తోలు మాత్రం గట్టిపడింది. 9 కిలోలతో వచ్చింది, 12 కిలోలతో వెళ్లింది. రోజూ ఆయింట్‌మెంట్ రాయించుకుని నాకు బాగా అలవాటైపోయింది, నన్ను చూడగానే కాలెత్తి పడుకుంటుంది.

కార్డులో పట్టిన చోటు టీ కొట్టు పక్క సందు అని ఉంది. వ్యాన్ అన్నతో నేనూ వెళ్లా. బోను తలుపు ఎత్తగానే నా వైపు కూడా చూడలేదు. కొట్టు బెంచీ కిందకి దూరింది. టీ కొట్టతను, "అరే బుజ్జీ, ఎటు పోయినవే ఇన్నిరోజులు" అంటూ ఉస్మానియా బిస్కెట్ విరిచి పడేశాడు. అది తింటూ ఒక్కసారి నా వైపు చూసి, అలవాటుగా కాలెత్తి అక్కడే పక్కకి వాలింది. టీ కొట్టతనికి అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

అంకెలు: ఈ వారం కుట్లు అయ్యాక 98 కంటే కిందికి పోయింది ఒకే ఒక్కటి. ఎక్కువ కుక్కలు గంటన్నరకల్లా కూర్చుంటున్నాయి. మేడమ్ నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేసి, డిసెంబర్ 12 దగ్గర ఆగి, ఏమీ అనకుండా మూసి, కొత్త డిజిటల్ థర్మామీటర్ ఒకటి బల్ల మీద పెట్టారు. పాతది బ్యాటరీ పోయి రెండు రోజులైంది.

ఇంకా చేయాల్సినవి: కరెంటు పోతే గీజర్ ఉండదు, ఫ్లాస్కులు కొనాలి. జాలీ అవతలి నాలుగు కుక్కలు రాత్రంతా మొరుగుతున్నాయి, మధ్యలో ప్లైవుడ్ అడ్డం కట్టించాలి. సాక్సులు ఉతికి తీగ మీద వేశా, మబ్బుకి ఇంకా ఆరలేదు. రేపు తొమ్మిది కుక్కలు. ఒక్కోదానికి మూడు చొప్పున ఇరవై ఏడు సాక్సులు కావాలి. తీగ మీద ఉన్నవి ఇరవై రెండు.